ఏడో నంబరు రోడ్డు మీద ఆడవాళ్ళు

మిసిసిపీ రాష్ట్రపు రోడ్ల పటం ముందేసుకుని కూర్చుంటే ఏడో నంబరు రోడ్డు వెంటనే కంటపడదు. చుట్టూ దానికన్నా పెద్ద జాతీయ రహదారులున్నాయి. ఇది ఉత్త రాష్ట్ర రహదారి. దక్షిణాన బెల్జోనీ అనే చిన్న పట్టణం దగ్గర మొదలై హంఫ్రీస్, లెఫ్లోర్, కారల్, గ్రెనడా, యాలబూషా, లఫయెట్, మార్షల్, బెంటన్ అనే ఎనిమిది కౌంటీల్ని దాటుకుంటూ టెనెసీ సరిహద్దు దాకా పోతుంది. 150 మైళ్ళకు పైగా ఉండే ఈ దారిలో ఎక్కువ భాగం పొలాలూ, పైన్ చెట్ల అడవులూ, చర్చిలూ, మూతపడ్డ దుకాణాలూ.

ఈ రోడ్డు నాకు పటంలో పరిచయం కాలేదు. ఐడా బి. వెల్స్ ఆత్మకథలో పరిచయమైంది. స్త్రీల ఆత్మకథల మీద పిహెచ్.డి. చేస్తున్న రోజుల్లో ఆ పుస్తకం చదివాను. అమ్మానాన్నలు జ్వరంతో చనిపోయారని తెలిసి, పదహారేళ్ళ పిల్ల గూడ్సు బండెక్కి ఒంటరిగా ఊరికి తిరిగొచ్చే ఘట్టం చాలాకాలం నన్ను వదల్లేదు. ఆ ఊరు హోలీ స్ప్రింగ్స్. ఆ ఊరి మీదుగా పోయేదే ఏడో నంబరు రోడ్డు.

2023 మార్చిలో మెంఫిస్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతురింటికి వెళ్ళినప్పుడు ఈ దారి చూపించమని అడిగాను. అక్క 2004లో పెళ్ళయి ఆ దేశం వెళ్ళింది. బావగారి ఉద్యోగం మీద వచ్చిన వీసా కాబట్టి తను ఉద్యోగం చెయ్యకూడదు. అట్లాంటి భార్యల్లో కొందరికి పని చేసుకునే అనుమతి 2015లో గాని రాలేదు. బస్సుల్లేని ఊళ్ళో కారు నడపడం రాని ఆడమనిషి అంటే ఏమిటో అక్క మొదటి రెండేళ్ళలో తెలుసుకుంది. పాలు అయిపోయినా సాయంత్రం దాకా ఆగాలి. ఒంట్లో బాగాలేకపోయినా సాయంత్రం దాకా ఆగాలి. లైసెన్సు చేతికొచ్చిన రోజు నాకు ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. డిగ్రీ పాసైనప్పుడు కూడా అంత సంతోషపడలేదని చెప్పింది.

"ఆ రోడ్డు మీద ఏముందే చూడ్డానికి? పత్తి చేలూ, చేపల చెరువులూ" అంటూనే అక్క కారు తీసింది. ముందు వేరే దారిలో బెల్జోనీ దాకా దిగి, అక్కణ్ణించి ఏడో నంబరు మీద పైకి రావాలని నేను పట్టుబట్టాను. ఈ దారిలో తప్పించుకుని బతికినవాళ్ళలో ఎక్కువమంది ఉత్తరానికే పోయారు కాబట్టి నేనూ అటే చదవాలనుకున్నాను.

పోయే ముందు కౌంటీ గురించి ఒక మాట చెప్పాలి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే గానీ చాలా చిన్నది. మిసిసిపీలో 82 ఉన్నాయి. ప్రతిదానికీ ఒక కోర్టు, ఒక షెరిఫ్, ఓటర్ల పేర్లు రాసుకునే ఒక గుమాస్తా. 1965లో ఓటు హక్కుల చట్టం వచ్చేదాకా నల్లవాళ్ళకి ఓటు ఉండాలా వద్దా అన్నది వాషింగ్టన్‌లో కాదు, ఆ కోర్టు గుమాస్తా బల్ల దగ్గరే తేలిపోయేది. ఆ రోజుల్లో ఈ రోడ్డు మీద కౌంటీ సరిహద్దు దాటడమంటే ఒక షెరిఫ్ రాజ్యంలోంచి ఇంకో షెరిఫ్ రాజ్యంలోకి అడుగుపెట్టడం.

బెల్జోనీ

యాజూ నది ఒడ్డున ఉన్న ఈ ఊరి చుట్టూ ఇప్పుడు క్యాట్‌ఫిష్ చెరువులు. దగ్గర్లోని ఇండియనోలాలో 1990లో చేపలు కోసి శుభ్రం చేసే కార్మికులు మూడు నెలలు సమ్మె చేసి కొత్త ఒప్పందం సాధించారు. వాళ్ళలో అత్యధికులు నల్ల స్త్రీలు. మరుగుదొడ్డికి పోవడానికి కూడా లెక్క పెట్టడం వాళ్ళ ఫిర్యాదుల్లో ఒకటి. చెరువులు రాకముందు ఇక్కడ ఉన్నదంతా పత్తే.

1955 మే 7 రాత్రి బెల్జోనీలో రెవరెండ్ జార్జ్ లీ అనే నల్ల మతబోధకుణ్ణి కారులో పోతుండగా తుపాకీతో కాల్చి చంపారు. చిన్న కిరాణా కొట్టు, అచ్చు యంత్రం పెట్టుకుని బతుకుతూ తనవాళ్ళని ఓటర్లుగా నమోదు చేయిస్తున్నాడాయన. ముఖంలో దొరికిన సీసపు ముక్కలు పళ్ళలో నింపిన లోహమై ఉంటాయని షెరిఫ్ తేల్చాడు. కేసు అక్కడితో ముగిసింది. ఎవరికీ శిక్ష పడలేదు.

అప్పుడు ఆయన భార్య రోజ్‌బడ్ లీ ఒక నిర్ణయం తీసుకుంది. శవపేటికకి మూత వెయ్యొద్దంది. ఛిద్రమైన ఆ ముఖాన్ని వచ్చినవాళ్ళంతా చూశారు. నల్లజాతి పత్రికలు ఆ ఫోటోలు వేశాయి.

నాలుగు నెలలకి, ఇక్కడికి ఉత్తరాన ఉన్న మనీ అనే ఊళ్ళో బంధువుల ఇంటికొచ్చిన పద్నాలుగేళ్ళ ఎమెట్ టిల్‌ని తెల్లవాళ్ళు ఎత్తుకెళ్ళి చంపారు. షికాగోలో అతని తల్లి మేమీ టిల్ కూడా పెట్టెకి మూత వెయ్యనివ్వలేదు. ఆ నిర్ణయం అమెరికా చరిత్రని మలుపు తిప్పిందని ఇప్పుడు బడిపిల్లలకి కూడా చెబుతారు. చెప్పాల్సిందే. కానీ ఆమె కన్నా ముందు, పెద్ద నగరం అండ లేకుండా, భర్తని చంపినవాళ్ళు తిరుగుతున్న ఊళ్ళోనే ఉండి అదే పని చేసిన రోజ్‌బడ్ పేరు ఎంతమందికి తెలుసు? మన దగ్గరైనా శోకాన్ని ఆడవాళ్ళకి వదిలేస్తారు, దాన్నొక రాజకీయ చర్యగా గుర్తించరు. షెరిఫ్ రాసిన కాగితానికి రోజ్‌బడ్ దగ్గరున్న జవాబు ఆ ముఖమొక్కటే. దాన్ని దాచనివ్వకపోవడమే ఆమె ఇచ్చిన వాంగ్మూలం.

గ్రీన్‌వుడ్

బెల్జోనీ నుంచి ఇట్టా బీనా మీదుగా గ్రీన్‌వుడ్ దాకా నేల అరచెయ్యిలా చదును. టాలహాచీ, యాలబూషా నదులు కలిసి యాజూగా మారే చోట గ్రీన్‌వుడ్ ఉంది. ఊరి పేరూ, కౌంటీ పేరూ ఒక్క మనిషివే. 1830లో చోక్టా తెగ భూముల్ని అమెరికా ప్రభుత్వానికి వదిలేసే ఒప్పందం మీద సంతకం పెట్టిన నాయకుడు గ్రీన్‌వుడ్ లెఫ్లోర్. సంతకం పెట్టినవాడికి ఊరూ, కౌంటీ రెండూ దక్కాయి.

పత్తి వ్యాపారానికి ఇది ఒకప్పుడు పెద్ద కేంద్రం. 1861లో అంతర్యుద్ధం వచ్చి దక్షిణాది రేవులు మూతపడితే ఇంగ్లండు మిల్లులు మన వైపు చూశాయి. ఆ నాలుగేళ్ళలోనే కాకినాడ రేవు పత్తి ఎగుమతితో కళకళలాడింది. ఇక్కడి బానిసల చేతులు ఆగిపోతే అక్కడ మన కూలీల చేతులకి పని పెరిగింది. వరంగల్లో, గుంటూరులో పత్తి తీసే ఆడవాళ్ళ వేళ్ళు చూసినవాళ్ళకి ఈ ఊరి కథ పరాయిదనిపించదు.

1962 చలికాలంలో లెఫ్లోర్ కౌంటీ పాలకమండలి ఒక పని చేసింది. కేంద్ర ప్రభుత్వం పేదలకి పంచే పిండీ, బియ్యం, పాలపొడీ పంచడం ఆపేసింది. దాని మీద ఆధారపడ్డవాళ్ళు సుమారు 22,000 మంది, చాలామంది నల్ల కూలీ కుటుంబాలవాళ్ళు. ఓటు నమోదుకి కోర్టు మెట్లెక్కుతున్నందుకు అది శిక్ష. ఓటు మగవాళ్ళ రాజకీయమనీ, వంట ఆడవాళ్ళ పనీ అనుకునేవాళ్ళకి ఆ చలికాలం ఒక పాఠం. కౌంటీ నేరుగా వంటింటి మీదే దెబ్బ కొట్టింది. ఉత్తరాది నగరాల నుంచి ఆహారం లారీల్లో వచ్చింది. దానికోసం వరసల్లో నిలబడ్డ ఆడవాళ్ళు, ఎలాగూ పోయేదేమీ మిగల్లేదు గనక, మునుపటి కన్నా ఎక్కువగా కోర్టుకి వెళ్ళారు.

ఐడా మే హాలండ్ ఈ ఊరి పిల్ల. 1944లో పుట్టింది. తల్లి మంత్రసాని. పదకొండేళ్ళ వయసులో, పిల్లని ఆడించే పనికి వెళ్ళిన తెల్లవాళ్ళ ఇంట్లో ఆ ఇంటి యజమాని ఆమెని చెరిచాడు. ఆ తర్వాత ఆ పిల్ల వీధిలో శరీరం అమ్ముకుంటూ బతికింది. పద్దెనిమిదేళ్ళప్పుడు కొత్తగా ఊళ్ళోకొచ్చిన ఒక మగవాణ్ణి విటుడనుకుని వెంబడించి, తెలియకుండానే పౌరహక్కుల విద్యార్థి సంఘం ఆఫీసులో అడుగుపెట్టింది. అక్కడ తన మాటకి విలువిచ్చే మనుషుల్ని మొదటిసారి చూసింది. ఉద్యమంలో చేరింది. జైళ్ళకు వెళ్ళింది. 1965లో ఇల్లు కాలిపోయి తల్లి చనిపోయింది. అది తన మీద పగతో పెట్టిన నిప్పేనని ఆమె నమ్మింది. ఆ తర్వాత మిన్నెసోటా వెళ్ళి చదువుకుని పిహెచ్.డి. చేసింది. నాటకకర్త అయింది, ప్రొఫెసర్ అయింది. 2006లో చనిపోయింది.

ఆమె తన పేరుకి ముందు 'ఎన్దేశా' అనే స్వాహిలి మాట చేర్చుకుంది. ఆ భాషలో ఎన్దేశా అంటే నడిపించడం. బండిని నడపడానికి కూడా అదే మాట. ఈ సంగతి చెప్పినప్పుడు మా అక్క ఏమీ అనలేదు. స్టీరింగ్ మీద ఉన్న తన చేతుల వంక ఒకసారి చూసుకుంది.

2022 అక్టోబరులో గ్రీన్‌వుడ్‌లో ఎమెట్ టిల్ కంచు విగ్రహం పెట్టారు. దాని ముందు కాసేపు నిలబడ్డాం. అక్కకి అదే వయసు కొడుకున్నాడు. ఇద్దరం మాట్లాడుకోలేదు.

గ్రెనడా

కారల్ కౌంటీలో ఎడమపక్క చదును నేల, కుడిపక్క కొండలు. గ్రెనడా చేరేసరికి రోడ్డు కొండల్లోకి ఎక్కేస్తుంది. ఇక్కణ్ణించి హోలీ స్ప్రింగ్స్ దాకా ఏడో నంబరు రోడ్డు, 1860లో పూర్తయిన మిసిసిపీ సెంట్రల్ రైలుమార్గం ఊళ్ళని ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోతుంది. రోడ్డు కన్నా ముందు ఆ రైలే ఇక్కడి దారి.

1878 వేసవిలో ఆ దారి మీదే పచ్చజ్వరం వచ్చింది. దాన్ని దోమ మోస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు, 1900 దాకా రుజువు కాలేదు. గ్రెనడాలో జనం పిట్టల్లా రాలిపోయారు. పారిపోయేవాళ్ళని చాలా ఊళ్ళు తుపాకులు పట్టుకుని ఆపేశాయి. హోలీ స్ప్రింగ్స్ మాత్రం, మాది ఎత్తైన ఊరు, గాలి మంచిది, జ్వరం రాదన్న ధీమాతో వాళ్ళకి తలుపులు తెరిచింది. అతిథులతో పాటు జ్వరమూ వచ్చింది. మంచితనానికి ఆ ఊరు చెల్లించిన ధర సుమారు 300 ప్రాణాలు. వాటిలో ఐడా అమ్మానాన్నలూ, పసివాడైన తమ్ముడూ ఉన్నారు. ఆమె ఊరు చేరినప్పుడు మళ్ళీ చెబుతాను.

గ్రెనడా దగ్గర ఇంకో తారీఖు ఆపుతుంది. 1966 సెప్టెంబరు 12. అంతకు ముందు జూన్‌లో జేమ్స్ మెరెడిత్ మొదలుపెట్టిన 'భయానికి వ్యతిరేకంగా నడక' గ్రెనడా, గ్రీన్‌వుడ్, బెల్జోనీ ఊళ్ళలో ఆగుతూ సాగింది. అందులో గ్రీన్‌వుడ్‌లో స్టోక్లీ కార్మైకేల్ ఇచ్చిన 'బ్లాక్ పవర్' నినాదం అన్ని పుస్తకాల్లో ఉంది. నడక వెళ్ళిపోయాక గ్రెనడాలో ఏం జరిగిందన్నది మాత్రం తక్కువ పుస్తకాల్లో ఉంటుంది. కోర్టు ఆదేశంతో మొదటిసారి తెల్లపిల్లల బళ్ళకి వెళ్ళిన నల్లపిల్లల మీద సెప్టెంబరులో ఒక గుంపు గొలుసులతో, ఇనపగొట్టాలతో పడింది. ఆ పిల్లల్లో ప్రాథమిక పాఠశాల వాళ్ళూ ఉన్నారు. ఆ తర్వాత మార్టిన్ లూథర్ కింగ్ వచ్చి పిల్లలతో కలిసి బడిదాకా నడిచాడు. ఆయన వెళ్ళిపోయిన మర్నాడూ, ఆ పైమర్నాడూ పిల్లలకి జడలు వేసి, బట్టలు తొడిగి, అదే దారి మీదికి పంపాల్సింది తల్లులే. మహానాయకుడి నడకకి ఫోటో ఉంటుంది. తల్లి గడపలో నిలబడి పిల్ల వీపు కనపడనంత దూరం పోయేదాకా చూడ్డానికి ఫోటో ఉండదు.

యోకోనా నది దాటాక

యాలబూషా కౌంటీలో వాటర్ వ్యాలీ అని ఒక చిన్న ఊరు. రైలు ప్రమాదంలో చనిపోయి పాటలకెక్కిన ఇంజను డ్రైవరు కేసీ జోన్స్ పేర అక్కడ మ్యూజియం ఉంది. కాస్త పైకి పోతే యోకోనా నది. ఈ నది పాతపేరు నుంచే విలియం ఫాక్నర్ తన యోక్నపటాఫా కౌంటీని కల్పించాడు. తొమ్మిదో కౌంటీ అనుకోండి, పటంలో లేనిది.

ఎం.ఏ.లో ఫాక్నర్‌ని చదువుకున్నవాళ్ళకి ఆయన రోడ్ల మీద ఆడవాళ్ళు గుర్తుంటారు. 'లైట్ ఇన్ ఆగస్ట్' (1932) మొదట్లోనే లీనా గ్రోవ్ నిండు కడుపుతో అలబామా నుంచి నడిచొస్తుంది. 'యాజ్ ఐ లే డయింగ్' (1930)లో ఏడీ శవం బండెక్కి పుట్టినవాళ్ళ ఊరికి పోతుంది. ఆ బండిలోనే కడుపు తీయించుకునే మందు కోసం కూతురు పోతుంది. నేను వీటిని ప్రేమగానే చదివాను. కానీ వాళ్ళిద్దరూ, ఆ కూతురూ తెల్లవాళ్ళు. లీనాని దారిలో ప్రతి ఒక్కరూ బండెక్కించుకుంటారు, అన్నం పెడతారు. అదే స్థితిలో ఒక నల్లపిల్ల ఆ దారిన పోతే?

ఆ ప్రశ్నకి దగ్గరగా వచ్చింది యుడోరా వెల్టీ. 1936లో ప్రభుత్వ ఉపాధి పథకంలో ప్రచార ఉద్యోగిగా ఆమె మిసిసిపీ 82 కౌంటీలూ తిరిగి ఫోటోలు తీసింది. 1941లో వచ్చిన 'ఎ వోర్న్ పాత్' కథలో ఫీనిక్స్ జాక్సన్ అనే ముసలి నల్ల స్త్రీ మనవడి మందు కోసం అడవి దారిన పట్నానికి నడుస్తుంది. దారిలో ఎదురైన తెల్ల వేటగాడు ఆమెకి తుపాకీ గురిపెడతాడు. ఫాక్నర్ రోడ్డుకీ వెల్టీ కాలిబాటకీ మధ్య తేడా ఆ తుపాకీయే.

ఫాక్నర్ ఊరు ఆక్స్‌ఫర్డ్ పక్కనుంచి ఏడో నంబరు రోడ్డు పోతుంది. ఈ ఊరి నేల ఒక స్త్రీది. ఆమె పేరు హోకా, చికసా తెగ మనిషి. 1832 ఒప్పందంతో చికసాలు ఇక్కణ్ణించి ఖాళీ చెయ్యాల్సి వచ్చాక, 1836లో జాన్ అనే ఒకే పేరున్న ముగ్గురు మగవాళ్ళు ఆమె దగ్గర భూమి కొని అందులో కొంత ఊరు కట్టడానికిచ్చారు. అమ్మకం కాగితం మీద హోకా గుర్తు ఉంది. ఊరికి మాత్రం ఇంగ్లండులోని విశ్వవిద్యాలయ పట్టణం పేరు పెట్టారు, అలాగైనా విశ్వవిద్యాలయం వస్తుందని. నిజంగానే వచ్చింది, 1848లో తెరిచారు. ఆడపిల్లల్ని 1882లో గాని చేర్చుకోలేదు. 1885లో శారా ఐసమ్ అక్కడ మొదటి అధ్యాపకురాలైంది. ఇప్పుడు అక్కడి స్త్రీ అధ్యయన కేంద్రం ఆమె పేరుమీదే ఉంది. 1962లో జేమ్స్ మెరెడిత్ ఇక్కడ చేరిన మొదటి నల్లజాతి విద్యార్థి అయ్యాడు. అల్లర్లలో ఇద్దరు చనిపోయారు. అతని తరఫున కోర్టుల్లో వాదించిన న్యాయవాది ఒక స్త్రీ, కాన్‌స్టన్స్ బేకర్ మాట్లీ. 1966లో ఆమె ఫెడరల్ న్యాయమూర్తి పదవి పొందిన మొదటి నల్లజాతి స్త్రీ అయింది.

హోకా భూమి తన పేరునే అమ్మగలిగిందంటే కారణం చికసా ఆచారం. అందులో పెళ్ళైనా ఆడదాని ఆస్తి ఆడదానిదే. ఆనాటి అమెరికా చట్టంలో పెళ్ళితోనే అది భర్తదైపోయేది. బెట్సీ లవ్ అనే చికసా స్త్రీ తెల్లవాడైన జేమ్స్ అలెన్‌ని పెళ్ళాడింది. అతని అప్పుకి ఆమె ఆస్తిని జప్తు చెయ్యబోతే కేసు నడిచింది. ఆస్తి ఆమెదేనని మిసిసిపీ ఉన్నత న్యాయస్థానం 1837లో తీర్పిచ్చింది. రెండేళ్ళకి, 1839లో, పెళ్ళైన స్త్రీల ఆస్తి హక్కు చట్టం మిసిసిపీలో వచ్చింది. అమెరికాలో అలాంటి చట్టాల్లో ఇదే మొదటిదని స్త్రీవాద చరిత్రకారులు చెబుతారు.

ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు గర్వంగా అనిపించింది. ఆదివాసీ స్త్రీ ఆచారం తెల్లవాళ్ళ చట్టాన్ని మార్చిందంటే ఎవరికి గర్వంగా ఉండదు! తర్వాత కేసు వివరాలు చదివాను. తగాదా పడ్డ ఆ ఆస్తి ఏమిటనుకున్నారు? ఒక బానిస. పేరు టోనీ. 1839 చట్టంలో ఎక్కువ భాగం కూడా పెళ్ళైన స్త్రీకి తన బానిసల మీద ఉండే హక్కు గురించే. మనం ఎంతో గొప్పగా చెప్పుకునే స్త్రీల ఆస్తి హక్కు, ఈ నేల మీద పుట్టినప్పుడు, ఒక మనిషిని సొంతం చేసుకునే హక్కుగా పుట్టింది.

హోలీ స్ప్రింగ్స్

ఐడా వెల్స్ 1862 జూలై 16న ఈ ఊళ్ళో బానిసగా పుట్టింది. తండ్రి జేమ్స్ వడ్రంగి. తండ్రి కథ ఒకటి ఆమె ఆత్మకథలో ఉంది. జేమ్స్ తన యజమానికీ, పెగీ అనే బానిస స్త్రీకీ పుట్టినవాడు. యజమాని చనిపోయిన మర్నాడే అతని భార్య పాలీ, పెగీ బట్టలు ఊడదీయించి కొరడాతో కొట్టించింది. భర్తని ఏమీ అనలేకపోయిన అన్నేళ్ళ కోపాన్నీ, అతని చేతిలో నలిగిన ఇంకో ఆడదాని వీపు మీద తీర్చుకుంది. పితృస్వామ్యానికి ఇద్దరూ బాధితులేనని ఇక్కడ ఒక్క వాక్యంలో రాసెయ్యొచ్చు. కానీ కొరడా ఎవరి ఆజ్ఞతో లేచిందో, ఎవరి వీపు మీద పడిందో ఆ వాక్యం చెప్పదు.

ఐడా పుట్టిన ఏడాదే ఉత్తరాది సేనాని గ్రాంట్ సైన్యం ఈ దారిన హోలీ స్ప్రింగ్స్‌కి వచ్చింది. బానిసల్ని విడిపించబోయే యుద్ధం అది. గ్రాంట్ భార్య జూలియా కూడా వచ్చి ఇక్కడ మకాం చేసింది. ఆమె వెంట ఆమె బానిస, జూల్ అనే స్త్రీ ఉంది. తర్వాత జూల్ ఎవరి అనుమతీ అడక్కుండా యజమానురాల్ని వదిలేసి వెళ్ళిపోయింది.

ఇక 1878 జ్వరం. అప్పుడు ఐడా నాయనమ్మ పొలం దగ్గర ఉంది. కబురు తెలిశాక ఎవరు వద్దన్నా వినలేదు. ప్రయాణికుల బళ్ళు ఆగిపోయాయి కాబట్టి గూడ్సు బండెక్కింది. జ్వరంతో చనిపోయిన రైలు ఉద్యోగుల కోసం ఆ పెట్టెకి నల్లగుడ్డ కట్టి ఉంది. ఇల్లు చేరేసరికి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ మిగిలారు. తండ్రి స్నేహితులు కూర్చుని పిల్లల్ని తలా ఒకరింటికి పంచేద్దామన్నారు. నడవలేని చెల్లెల్ని తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఐడా ఒప్పుకోలేదు. నాకొక ఉద్యోగం వెతికిపెట్టండి, అందర్నీ నేనే సాకుతానంది. గౌను కిందికి పొడిగించుకుని పెద్దదానిలా కనిపించి, ఆరు మైళ్ళ దూరంలో పల్లెటూరి బళ్ళో పంతులమ్మగా చేరింది. వారం చివర కంచరగాడిద మీద ఇంటికొచ్చి బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి, వంట చేసిపెట్టి మళ్ళీ పోయేది.

అంత చేసినా ఊరు ఏమందో తెలుసా? తండ్రి దాచిన డబ్బుని తెల్ల డాక్టరు తెచ్చి చేతికిచ్చాడు. అది చూసి, ఈ పిల్ల తెల్లవాళ్ళ దగ్గర డబ్బు తీసుకుంటోందనీ, అందుకే ఒంటరిగా ఆ ఇంట్లో ఉంటానందనీ పుకారు లేచింది. ఒంటరి ఆడపిల్ల గురించి ఊళ్ళు పుట్టించే కథ ఏ ఖండంలోనైనా ఒకటే.

తర్వాత ఆమె మెంఫిస్ వెళ్ళింది. ఆడవాళ్ళ పెట్టెలో కూర్చున్నందుకు రైల్లోంచి ఈడ్చేస్తే కోర్టుకెక్కి 1884లో 500 డాలర్ల పరిహారం గెలిచింది. 1887లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ పెట్టె పేరు 'లేడీస్ కార్'. టికెట్టు కొన్నా, చదువుకున్న టీచరైనా, లేడీ అనే మాటలో ఆమెకి చోటు లేదని పై కోర్టు తీర్పు చెప్పినట్టయింది. 1892లో మెంఫిస్‌లో ముగ్గురు స్నేహితుల్ని మూకలు చంపాక ఆ హత్యల లెక్కలు తీసి, తెల్లస్త్రీల మాన రక్షణ అనేది వాటికి సాకు మాత్రమేనని అచ్చులో రాసింది. ఆమె పత్రికాఫీసు ధ్వంసమైంది. ముప్పయ్యేళ్ళు దక్షిణాదికి తిరిగి రాలేకపోయింది.

2020లో ఆమెకి పులిట్జర్ ప్రత్యేక గౌరవం ఇచ్చారు. 2025లో పాతిక సెంట్ల నాణెం మీద ఆమె బొమ్మ వచ్చింది. హోలీ స్ప్రింగ్స్‌లో ఆమె పేర మ్యూజియం ఉంది, పోస్టాఫీసుకీ ఆమె పేరే. మేం వెళ్ళిన రోజు ఆ పోస్టాఫీసులో అక్క ఇండియాకి ఒక కార్డు పోస్టు చేసింది, మా పెద్దమ్మకి.

సరిహద్దు దగ్గర

హోలీ స్ప్రింగ్స్ నుంచి రోడ్డు బెంటన్ కౌంటీ మూలనుంచి టెనెసీలోకి పోతుంది. అవతల కాస్త దూరంలో గ్రాండ్ జంక్షన్. 1862 నవంబరులో పొలాలొదిలి సైన్యం వెనకాల వచ్చిన బానిసల కోసం గ్రాంట్ అక్కడ శిబిరం పెట్టించి, జాన్ ఈటన్ అనే సైన్యపు మతగురువుకి అప్పగించాడు. ఆ నడిచొచ్చినవాళ్ళలో ఎంతోమంది పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు. వాళ్ళకి ఈ దారి ఏ పటంలోనూ దొరకలేదు. ఉత్తరం ఎటో మాత్రం తెలుసు.

బయల్దేరినప్పుడు నాకొక ఆశ ఉండింది. ఈ దారిలో ఆడవాళ్ళందర్నీ కలిపి ఒక దండగా గుచ్చొచ్చని. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివి పెరిగినవాళ్ళం. చరిత్రలో ఆడవాళ్ళెక్కడ అని అడగడం మాకు అక్కడే అలవాటైంది. గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల సాహిత్యం 'నల్లపొద్దు'గా వచ్చాక ఆ ప్రశ్న ఇంకాస్త ముందుకు పోయింది. ఏ ఆడవాళ్ళు అని అడగాల్సి వచ్చింది. మొదటి ప్రశ్న అడిగితే ఈ రోడ్డు మీద హోకా, బెట్సీ లవ్ దొరికారు. రెండోది అడిగితే గాని టోనీ, పెగీ, జూల్ దొరకలేదు. ఒకరికి దారి తెరుచుకున్న చోటే ఇంకొకరి దారి మూసుకుంది. ఇద్దరినీ అక్కచెల్లెళ్ళని అనాలంటే ముందు ఆ లెక్క రాయాలి. తేల్చకుండా పేర్చిన సోదరీత్వం మళ్ళీ ఆ 'లేడీస్ కార్' లాంటిదే అవుతుంది.

వెనక్కి తిరిగేటప్పుడు అక్క ఐడా తల్లి గురించి అడిగింది. ఆమె పేరు లిజీ. వర్జీనియాలో పుట్టింది. చిన్నప్పుడే అమ్మానాన్నల నుంచి విడదీసి అమ్మేస్తే చేతులు మారి మిసిసిపీ చేరింది. విడుదల వచ్చాక పిల్లలతో పాటు తనూ బడికెళ్ళి బైబిలు చదవడం నేర్చుకుంది. తనవాళ్ళ ఆచూకీ కోసం వర్జీనియాకి ఎన్నోసార్లు ఉత్తరాలు పంపింది.

"దొరికారా?" అంది అక్క.

లేదన్నాను. అక్క చాలాసేపు మాట్లాడకుండా కారు నడిపింది. ఏడో నంబరు రోడ్డు ప్రతి మైలుకీ లెక్క ఉంది. వర్జీనియా నుంచి లిజీని తీసుకొచ్చిన దారికి నంబరు లేదు.